చంపేదాన్ని మందనొద్దు

రెబెకా ఇంటికి వెళ్లి, తల పగిలిపోతోంది, మందేమన్నా ఉంటే ఇమ్మని అడిగి చూడండి. ఇస్తుంది. కాని ముందు నడుం మీద చెయ్యి వేసుకుని ఒక మాట అడుగుతుంది.

"మందా? బతికించేదా, చంపేదా?"

కొత్తవాళ్లు తెల్లమొహం వేస్తారు. ఆ వీధివాళ్లకి అలవాటే. "బతికించేదేలే తల్లీ, తొందరగా తీయ్" అంటారు. ఆ ముక్క నోటి వెంట రానిదే ఆమె డబ్బా మూత తీయదు. అడిగింది చర్చి పాస్టరుగారైనా సరే, సొంత మొగుడైనా సరే.

ఈ పట్టుదల పుట్టడానికి కారణం ఒక పిల్లి.

రెబెకా, దానయ్య కౌలు రైతులు. నల్లరేగడిలో సగం పత్తి, సగం మిరప. పెదకాకాని దగ్గర హైవే ఎక్కితే గుంటూరు ఎంతో దూరం లేదు గాని, ఆ ఎక్కేదాకా ఉన్న రోడ్డే నడుములు విరగ్గొడుతుంది. ఒక ఏడు పత్తికి ధర పడిపోయింది. రేటు పెరుగుతుందేమోనని అందరిలాగే వాళ్లూ పత్తిని ముందుగదిలో కుప్ప పోసుకున్నారు. పత్తి గదిలో పడుకునేది, మనుషులు వసారాలో పడుకునేవాళ్లు. ధర రాలేదు గాని, ఎక్కడినుంచో ఒక పిల్లి వచ్చి ఆ కుప్పలో ఈనింది. నాలుగు రోజులకు పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఎటో మార్చుకుంది. ఒకదాన్ని మాత్రం వదిలేసి పోయింది. అది తెల్లది. పత్తిలో పత్తిగా కలిసిపోయి తల్లి కంటికి కూడా ఆనలేదని రెబెకా అనుకుంది. దానికి దూది అని పేరు పెట్టింది.

"పిల్లికి పేరేంటే?" అన్నాడు దానయ్య.

"నీకు లేదూ?" అంది.

దూది పెరిగింది. పత్తిగింజ కోసం వచ్చే ఎలుకలు తగ్గాయి. తెల్లవారుజామున రెబెకా పొయ్యి ముట్టిస్తే, పొయ్యి పక్కన వెచ్చగా చేరి కళ్లు మూసుకునేది. ఎండాకాలం కుండ కింద, చలికాలం కొట్టంలో గేదె కడుపు పక్కన పడుకునేది. ఆ గేదె దగ్గరే దానికి గోమార్లు అంటుకున్నాయి. చెవుల వెనక, మెడ కింద, కందిగింజల్లా పట్టుకుని రక్తం తాగుతున్నాయి. వెనక్కాలితో గీక్కుని గీక్కుని మెడంతా పుండు చేసుకుంది.

వంటింటి గోడలో ఒక గూడు ఉండేది. ఆ ఇంట్లో మందన్న పేరున్న ప్రతిదీ అందులోనే. దగ్గు మందు, జ్వరం మాత్రలు, పేల మందు, చీమల మందు, చీరల పెట్టెలో వేయగా మిగిలిన కలరా ఉండలు, గేదెకు రాసే గోమార్ల మందు. ఆ ముందురోజే దానయ్య ఆ గోమార్ల మందు బకెట్టు నీళ్లలో కలిపి గేదె ఒంటికి పట్టించాడు. గేదె హాయిగా నెమరేస్తూ పడుకుంది. రెబెకా చూసింది. పొద్దున్నే మిరపకోతకు పోయేముందు ఆ సీసా తీసింది. చిన్న ప్రాణానికి బకెట్టు నీళ్లెందుకులే అనుకుని, నీళ్లు కలపకుండానే గుడ్డపీలికకు అద్ది దూది మెడకూ వీపుకూ రాసింది.

"పాలిచ్చే గేదెకే ఏం కాలేదు. పాలు తాగేదానివి, నీకేమవుద్దే?" అని బుజ్జగించి మరీ రాసింది.

మధ్యాహ్నం కూలీలకు మజ్జిగ తీసుకుపోదామని ఇంటికొచ్చేసరికి దూది కుండ కింద ఉంది. చెవులు వాటంతటవే టపటపా కొట్టుకుంటున్నాయి. నోటి వెంట సొంగ. పిలిస్తే లేచి రాబోయింది. కాళ్లు ఒకదాని మాట ఒకటి విననట్టు తలో దిక్కు పోయి పక్కకు ఒరిగిపడింది.

రెబెకా వెంటనే ఫోను తీసి కోటికి చేసింది. కోటి ఆ చుట్టుపక్కల ఊళ్లలో గేదెలకు సూదులు వేస్తుంటాడు.

"ఒరేయ్ కోటీ, మా పిల్లి వణికిపోతందిరా. సొంగ కారుస్తంది."

"ఎందుకు వణుకుద్దక్కా? ఏమన్నా తినిందా?"

"ఏం తిన్లా. గోమార్లు పట్టినయ్యి. పొద్దున్నే మందు రాశా."

"మందు రాశావుగా, ఇంకేంటి మరి? తగ్గుద్దిలే. మందు పనిచేసేటప్పుడు కాస్త అట్టాగే ఉంటది."

కోటి అబద్ధం చెప్పలేదు. వైద్యం చేసింది గాబోలు, పిల్లి జబ్బుకు వణుకుతోంది గాబోలు అనుకున్నాడు. ఆమె చెప్పిన మాటకు అదే అర్థం. రెబెకా కూడా ఆ మాట పట్టుకునే కాసేపు నెమ్మదించింది. పిల్లిని పాత చీరలో చుట్టి పొయ్యి పక్కన పడుకోబెట్టింది. మందు పనిచేస్తోందని తనకు తాను చెప్పుకుంది. దూది తల వంచి తన వీపును తానే నాకడం మొదలుపెట్టింది. నాకి, నాకి, ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

అప్పుడు ఆమెకు ఏలియా గుర్తొచ్చాడు.

ఏలియా ఆమె తమ్ముడు. వాళ్లిద్దరూ పసివాళ్లప్పుడు, మిట్టమధ్యాహ్నం చేను గట్టు మీద ఎవరో మిగిలిన పురుగుమందు కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టారు. దాహమేసి వాడు తాగాడు. ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏలియా మందు తాగాడే" అని అరిచింది. వసారాలో చింతపిక్కలు పేర్చుకుంటున్న రెబెకా ఆ మాట విని తల కూడా ఎత్తలేదు. ఆ పిల్లకు తెలిసిన మందు దగ్గుమందే. తాగాడుగా, తగ్గుతుందిలే అనుకుంది. ఆటలో వాడి వంతు పిక్కలు లెక్కగా పక్కన తీసి పెట్టింది. అవి అలాగే ఉండిపోయాయి.

రెబెకా లేచింది. సీసా కొంగున దోపుకుంది. చీరతో సహా పిల్లిని చంకన పెట్టుకుని వీధిలోకొచ్చింది.

మజ్జిగ రాలేదేమని చూసుకోవడానికి దానయ్య ఎదురొచ్చాడు. "ఏమే, ఎక్కడికి?"

"బ్రాడీపేటకి. పిల్లుల డాక్టరు దగ్గరికి."

"నీకేమన్నా మతి పోయిందా? కోతకి మనుషుల్ని పిలిచి, చేలో వదిలేసి, పిల్లినేసుకుని గుంటూరు పోతావా? ఊరు నవ్వుద్ది!"

"నవ్వనీ. పళ్లున్నోళ్లు నవ్వుతారు."

ఊరు నిజంగానే నవ్వింది. ఎదురింటి పున్నమ్మ గుమ్మంలో మిరపకాయల తొడిమలు తీస్తూ, "ఏం వదినా, చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికా?" అంది. అరుగు మీదున్న నలుగురూ పడిపడి నవ్వారు. దగ్గరికొచ్చి దాని కళ్లు చూశాక మాత్రం పున్నమ్మ గొంతు తగ్గింది. "అయ్యో, పోతందే ఇది! పిల్లిని చంపిన పాపం ఊరికే పోదంటారు వదినా. బంగారంతో పిల్లిని చేయించి దానమియ్యాలంట."

"బంగారం మా దగ్గరెక్కడిది? అందుకే బతికించుకోటానికి పోతన్నా. తప్పుకో."

మలుపులో ఆటో ఉంది. గౌస్ బాషాది. పిల్లి ఎదురొస్తే బండి ఆపి ఉమ్మేసే డ్రైవర్లు ఆ ఊళ్లో ఇద్దరున్నారు. ఇతను ఆ రకం కాదు.

"ఎక్కు పిన్నీ."

"పిల్లి అబ్బాయ్, బ్రాడీపేట డాక్టరు దగ్గరికి. తర్వాత అపశకునం, గిపశకునం అనమాక."

"ఎదురొస్తే గదా అపశకునం? ఇది నాతో పాటే వస్తంది." అప్పటికే బండి కదిలింది. "మా అమ్మ పిల్లుల్ని కూడా అక్కడికే తీసకపోతా. మాంచి డాక్టరమ్మ. గట్టిగా పట్టుకో, గుంటలున్నయ్యి."

దారి పొడవునా దూది ఆమె ఒళ్లో మోటారులా అదురుతూనే ఉంది. రెబెకా ప్రార్థన చేయలేదు. పళ్లు బిగించి, "చావమాక. చచ్చావంటే చూడు, నీ అంతు తేలుస్తా" అని తిడుతూ కూర్చుంది. గౌస్ బాషా అద్దంలో చూసి బండి వేగం పెంచాడు.

డాక్టరు సాయిలక్ష్మి పిల్లిని బల్ల మీద పెట్టించుకుంటూనే అడిగింది. "ఏమైందమ్మా?"

"మందు రాశానండీ..." అని, రెబెకా నాలిక కరుచుకుంది. ఇందాక ఫోనులో అన్న మాటే ఇది. కొంగున ఉన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇదండీ. గేదెది. నీళ్లు కలపకుండా రాశా."

డాక్టరమ్మ సీసా చూసింది. సబ్బునీళ్లతో ఒకసారి, గోరువెచ్చటి నీళ్లతో ఒకసారి పిల్లిని కడిగించింది. ముందుకాలు మీద బొచ్చు గీసి సూది గుచ్చి, ముందు వణుకు ఆగటానికి ఇంజక్షను ఇచ్చి, తర్వాత సెలైను పెట్టింది. తడిసిన దూది ఎలుకంత అయింది. ఆ పని అంతా అయి, అది కాస్త వదులై పడుకున్నాక గాని ఆవిడ రెబెకా వైపు తిరగలేదు.

"గేదె ఒంట్లో ఇది విరిగిపోతుందమ్మా. పిల్లి లివరుకి ఆ శక్తి లేదు. పైగా ఒళ్లు నాక్కుంటుంది కదా, రాసిందంతా కడుపులోకే పోతుంది. కుక్కలకి రాసేవి కూడా చాలావరకు పిల్లికి పడవు. మీరు రాసింది దానికి మందు కాదు, విషం."

"మరి అందరూ మందంటారేంటండీ?"

సాయిలక్ష్మి ఆలోచించింది. "నేనూ అంటానమ్మా. అందరం అంటాం."

"జ్వరమేమోనని రాత్రికి మనం వేసుకునే బిళ్ల సగం నలిపి పాలల్లో కలుపుదామనుకున్నా."

"అమ్మో! అది వేసుంటే ఈ సెలైను కూడా దండగే. సగం కాదు, చిన్న ముక్క కూడా వేయకూడదు. పిల్లికి అంతకంటే పెద్ద విషం లేదు."

అప్పుడు రెబెకా తన గోడగూడునూ వంటింటినీ కళ్ల ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడగసాగింది. కలరా ఉండలు? వద్దు, వాసన కూడా మంచిది కాదు, మింగితే రక్తమే చెడుతుంది. నేల కడిగే ఫినాయిలు? ఆ తడి మీద నడిచి కాళ్లు నాక్కుంటుంది, మామూలు నీళ్లతో మళ్లీ తుడిచి ఆరనివ్వాలి. ఉల్లిపాయ పులుసు కలిపిన అన్నం? అదీ వద్దు, వెల్లుల్లి అసలే వద్దు.

"మరి మా ఇంట్లో దానికి పనికొచ్చేదేమన్నా ఉందా డాక్టరమ్మా?"

ఆవిడ నవ్వేసింది. "ఎలుకలున్నాయిగా. అవి కూడా మందు తినని ఎలుకలైతేనే."

"విషం తినని ఎలుకలు" అంది రెబెకా.

డాక్టరమ్మ నవ్వు ఆపి, "అవునమ్మా. విషం తినని ఎలుకలు" అంది.

దూది రెండు రోజులు అక్కడే ఉండి బతికి బయటపడింది. ముందుకాలు మీద బొచ్చు లేని చోట గులాబీ రంగు చర్మం కనబడుతూ, తల కొద్దిగా పక్కకు వంగి, కోపంగా ఇంటికొచ్చింది. రెబెకా చెయ్యి చాపితే వాసన చూసి వెనక్కి తగ్గింది. ఆమె దాన్ని బతిమాలలేదు. అన్నం పెట్టి దూరంగా జరిగింది. తర్వాత స్టూలు వేసుకుని గోడగూడు ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తన్నావే?" అన్నాడు దానయ్య.

"ఇడగొడతన్నా. చంపేవి కొట్టంలో ఇనప్పెట్టెలోకి, తాళమేసి. బతికించేవి ఇక్కడ, మూతున్న డబ్బాలో. ఈ రోజు నుంచి చంపేదాన్ని ఈ ఇంట్లో ఎవరూ మందనొద్దు. విషమనాలి."

"రాసింది నువ్వేగా? మధ్యలో మాటకి శిక్షేంటి?"

రెబెకా స్టూలు మీదనుంచి దిగలేదు. "రాసింది నా చెయ్యే. కాదన్నానా? గూట్లో విషమని రాసి పెట్టున్నదాన్ని నేను ముట్టుకునేదాన్నా? కోటిగాడితో విషం రాశానని చెప్పుంటే, తగ్గుద్దిలే అనేవాడా? ఏలియా..." అని ఆగి, "ఆ సంగతి నీకు తెలుసు" అంది.

దానయ్యకు తెలుసు. అయినా మొగవాడు. ఊరంతా పిలిచే పేరు మార్చమంటే నోరు తిరగదు. సాయంత్రం చేనునుంచి రాగానే రెబెకా గుమ్మంలో అడ్డం నిలబడేది. "విషం కొట్టొచ్చావా? కాళ్లు చేతులు కడిగి, చొక్కా అక్కడే విప్పి లోపలికి రా." వీధి మొత్తం వినేది. "వీధిలో నన్ను విషగాణ్ణి చేశావు గదే" అని అతను గొణిగేవాడు. గొణుగుతూ కడుక్కునేవాడు.

పురుగుమందుల కొట్టు ఉదయ్ కుమార్ అయితే నొచ్చుకున్నాడు. గల్లాపెట్టె దగ్గర జనం ఉండగా రెబెకా వెళ్లి, "తామర పురుగుకి విషం కావాలి" అంది.

"అమ్మా, విషం అనకండమ్మా. బేరం పోద్ది. అట్టా అంటే ఎవరన్నా కొంటారా?"

"కొంటన్నాంగా బాబూ ఇన్నేళ్లనుంచి? పేరే మాకు చెప్పలా."

వెనకున్న రైతులు నవ్వారు. ఉదయ్ కుమార్ కూడా నవ్వక తప్పలేదు. డబ్బా ఇస్తూ, "తామర పురుగు మందు" అని గట్టిగా అన్నాడు. ఆమె డబ్బా అందుకోలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది. క్యూ పెరిగింది. చివరికి అతను గొంతు తగ్గించి, "సరే తల్లీ, విషమే. తీసకపో" అన్నాడు.

అసలు గొడవ ఆదివారం చర్చిలో జరిగింది. పాటలయ్యాక పాస్టరు ఇమ్మానుయేలుగారు, సాక్ష్యం చెప్పాలనుకున్నవాళ్లు లేవండి అన్నారు. ఎప్పుడూ జ్వరం తగ్గినవాళ్లు, పిల్లలకు సీటొచ్చినవాళ్లు లేస్తారు. ఆ రోజు ఆడవాళ్ల వైపునుంచి రెబెకా ముసుగు సర్దుకుంటూ లేచింది.

"వందనాలు అయ్యగారూ, వందనాలు సంఘానికి. మా పిల్లి దూది బతికినందుకు సాక్ష్యం చెప్తన్నా."

చాపల మీద కిసకిసలు. ఎవరో వెనకనుంచి "మ్యావ్" అన్నారు. పాస్టరుగారు ఇబ్బందిగా నవ్వి, "రెబెకమ్మా, సాక్ష్యమంటే దేవుడు మనుషులకు చేసిన మేలు..." అన్నారు.

"మేలేనండీ. పిల్లి చేత చేయించాడు. అయ్యగారూ, మీ ఇంట్లో గోమార్ల మందెక్కడ పెడతారు?"

ఆయన తడబడ్డారు. పాస్టరమ్మగారు ముందు వరసలోంచి, "వంటింట్లో, బీరువా పైన" అనేసింది.

"మా ఇంట్లోనూ వంటింట్లోనే ఉండేది. దగ్గుమందు పక్కన. రెండూ మందులే గదా మరి." రెబెకా గొంతు పెద్దది. మైకు అక్కర్లేదు. "మా తమ్ముడు ఏలియా మీలో పెద్దోళ్లకి తెలుసు. వాడు మందు తాగి చచ్చిపోయాడని ఇప్పటికీ అంటారు. మందు తాగితే ఎవరన్నా చస్తారా? వాడు విషం తాగాడు. ఆ రోజు ఎవరన్నా నాతో ఆ మాట చెప్పుంటే, నేను చింతపిక్కలు పేర్చుకుంటా కూర్చునేదాన్ని కాదు, పరిగెత్తేదాన్ని. వాడు బతికేవాడో లేదో నాకు తెలీదు. నేను పరిగెత్తేదాన్ని. అదండీ. పిల్లికోసం ఈసారి పరిగెత్తా. అది బతికింది. నవ్వేవాళ్లు నవ్వండి. కాని ఇళ్లకి పోయి మీ గూళ్లు చూసుకోండి. దేవునికి స్తోత్రం."

ఆమె కూర్చుంది. ఎవరూ మ్యావ్ అనలేదు. కాసేపటికి పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకుని, "ఆమేన్" అన్నారు. మగవాళ్ల వైపు దానయ్య తల దించుకుని చాప పుల్ల పీకుతూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. రెబెకా వసారాలో బియ్యం చెరుగుతోంది. దూది ఎన్నాళ్లకో మళ్లీ దగ్గరగా వచ్చి, చేట అంచుకు మెడ రాసుకుంటోంది. ఆమె చూడనట్టే చెరుగుతోంది. స్ప్రేయరు వీపున వేసుకుని దానయ్య వీధిలోకి వచ్చాడు. అరుగు మీద మిరపకాయల రాశి ముందు కూర్చున్న పున్నమ్మ తలెత్తింది.

"ఏం అన్నయ్యా, మందు కొట్టొచ్చావా?"

దానయ్య ఆగాడు. అరుగు మీదున్నవాళ్లంతా చూస్తున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"విషం కొట్టొచ్చా పున్నమ్మా" అన్నాడు గట్టిగా. తర్వాత తన గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. "ఏమే రెబెకా! నేను కడుక్కునేదాకా ఆ దూదిని పట్టుకో! కాళ్లకి అడ్డం పడిందంటే నా మీదున్నదంతా దానికంటుద్ది!"

రెబెకా చేట పక్కన పెట్టి పిల్లిని ఒడిసి పట్టుకుంది. దూది ఒక్కసారి గింజుకుంది. తర్వాత ఊరుకుంది.